మోకాలి ఆపరేషన్ తర్వాత ఇంట్లో మిగిలే పని



మోకాళ్ళ నొప్పుల గురించి మన ఆడవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. పూర్వం నలుగురం ఒకచోట చేరితే చీరల కబుర్లో, పిల్లల చదువుల కబుర్లో వచ్చేవి. ఇప్పుడు "మీకు కుడికాలా, ఎడమకాలా?" అన్న దగ్గర మొదలవుతోంది సంభాషణ. నలభై దాటితే మెట్లు దిగడం కష్టం, యాభై దాటితే పీట మీంచి లేవడం కష్టం, అరవై దాటేసరికి "మోకాలు మార్పించుకోవలసిందేనమ్మా" అని డాక్టరుగారు చెప్పడం! ఇది ఇంటింటి రామాయణం అయిపోయింది. అయితే ఆ నొప్పుల సంగతి ఇవాళ నేను ఎత్తడం లేదు. ఆపరేషన్ అయ్యి, కుట్లతో, వాకరుతో ఇంటి గడప తొక్కిన తర్వాత జరగవలసిన పని ఒకటుంది. దాన్ని గురించి మీతో ముచ్చటించాలని వచ్చాను.

ఆపరేషన్ చేసేది డాక్టరుగారు. అది ఒక పూటలో అయిపోతుంది. ఆ మోకాలు తర్వాత తిన్నగా చాపుకుంటుందా, కుర్చీలోంచి లేవడానికి సరిపడా వంగుతుందా, మెట్లెక్కుతుందా అన్నది మాత్రం తరువాతి ఆరు నుంచి పన్నెండు వారాల్లో, మన ఇంట్లో, మన మంచం మీద తేలుతుంది. ఆ వారాలు ఇల్లాలికి దొరకడమే కష్టంగా వుందండీ. ఇంటాయనకి ఆపరేషన్ అయిందనుకోండి, వేళకి కాఫీ, వేళకి మాత్ర, వేళకి వ్యాయామం, అన్నీ చూడ్డానికి ఆవిడ వుంటుంది. ఆవిడకే ఆపరేషన్ అయితే చూసేదెవరు? పైగా ఆవిడ తనంతట తాను ఒక గంట తన కాలికోసం అట్టేపెట్టుకోవాలంటే ఎంత సిగ్గుపడుతుందో మీకు తెలియనిది కాదు.

నేను డాక్టర్ని కాను. పదో తరగతితో చదువు చాలించి సంసారంలో పడ్డదాన్ని. మా వదినగారికి, అంటే మా వారి అక్కగారికి, కుడి మోకాలు మార్చినప్పుడు దగ్గరుండి చూశాను. డాక్టరుగారినీ, ఇంటికొచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయినీ విసుక్కునేదాకా ప్రశ్నలడిగాను. ఆ తెలుసుకున్నదే చెబుతున్నాను. మీ కాలి విషయంలో ఆఖరి మాట మీ డాక్టరుగారిదే.

మొదట ఒక అపోహ. మోకాలు మార్చడమంటే పాత మోకాలు కోసి పారేసి కొత్తది తగిలిస్తారని చాలామంది భయం. అలా కాదుట. అరిగిన పంటిని చెక్కి పైన తొడుగు వేస్తారు చూడండి, ఇంచుమించు అదే పద్ధతి. తొడ ఎముక చివర, కింది కాలి ఎముక పైభాగం కొద్దిగా చెక్కి లోహపు తొడుగులు అమర్చి, మధ్యలో గట్టి ప్లాస్టిక్ బిళ్ళ పెడతారు. ఇప్పుడు చేస్తున్న పద్ధతికి మాతృక అనదగిన మోకాలిని 1974లో న్యూయార్కులో మొదటిసారి అమర్చారు. అంటే యాభై ఏళ్ళు దాటిన విద్య. పొందిగ్గా కుదిరిన విద్య. కాని ఎంత మంచి తొడుగు వేసినా దాన్ని కదిపే కండరాలు మాత్రం మన పాతవే కదా? వాటిని డాక్టరు మార్చలేడు.

తొడకి ముందు వైపు పెద్ద కండరం ఒకటుంది. కాలు చాపేది అదే, మనం నిలబడితే మోకాలు కూలిపోకుండా పట్టేదీ అదే. మోకాల్లో వాపు చేరిందంటే ఆ కండరం తనంతట తాను పనిమానేస్తుంది. మనం బిగించాలనుకున్నా బిగుసుకోదు. "నా కాలు నా మాట వినడం లేదేమిటే" అని మా వదినగారు మొదటివారం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అందులో ఆవిడ తప్పేమీ లేదు, ఆ కండరానికి కబురు అందడం లేదంతే. రోజూ పదేపదే కబురు పంపితే మళ్ళీ వింటుంది. పంపకుండా మంచాన పడుకోబెడితే రోజురోజుకీ కృశిస్తుంది.

ఈ సంగతి బాగా పట్టించుకున్న డాక్టరొకాయన కథ మీకు చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా సైన్యంలో థామస్ డీలార్మ్ అనే యువకుడు డాక్టరుగా వుండేవాడు. చిన్నతనంలో ఆయనకి రుమాటిక్ జ్వరం వచ్చి చాలాకాలం మంచానపడి, ఆ తర్వాత బరువులెత్తి ఒళ్ళు బాగుచేసుకున్నాడు. షికాగోలోని సైనిక ఆస్పత్రిలో మోకాళ్ళకీ, తొడలకీ దెబ్బలు తగిలి నెలల తరబడి కోలుకోని సిపాయిలు ఆయన చేతికి వచ్చారు. అప్పటిదాకా వాళ్ళచేత తేలిక వ్యాయామాలే ఎక్కువసార్లు చేయించేవారు. ఈయన బరువు పెట్టి, తక్కువసార్లు, క్రమంగా బరువు పెంచుకుంటూ చేయించాడు. వాళ్ళు కోలుకున్నారు. 1945లో ఆ పద్ధతి వైద్యపత్రికలో ప్రకటించాడు. అరవై ఏళ్ళావిడచేత బరువులు మోయిస్తారా అని కంగారు పడకండి. అందులో మనకి కావలసింది ఒక్కటే: కండరానికి నిన్నటికంటే ఇవాళ ఒక పిసరు ఎక్కువ పని చెప్పాలి. ఎప్పుడూ ఒకటే పని చెబితే అక్కడే ఆగిపోతుంది.

ఇక మా వదినగారి సంగతి. వాళ్ళది గుంటూరు. అరవై ఒకటో ఏట ఆపరేషన్ అయింది. కొడుకూ కోడలూ ఉద్యోగస్తులు, ఇద్దరు మనవలు. బంగారంలాంటి కోడలు, అత్తగారిని అపురూపంగా చూసింది. ఆ అపురూపమే కొంపముంచబోయింది. ఆస్పత్రినుంచి రాగానే మోకాలి కింద మెత్తని దిండు పెట్టింది. దిండు పెడితే హాయిగా వుంటుంది, నిజమే. మోకాలు కొంచెం వంగి వుంటే నొప్పి తక్కువగా తెలుస్తుంది. అలా వంగి వుండడానికే అది అలవాటుపడి తర్వాత తిన్నగా రానంటుంది. వాపు తగ్గడానికి కాలు ఎత్తుగా పెట్టాలంటే దిండు మడమ కిందా పిక్క కిందా పెట్టాలి. మోకాలి కింద మాత్రం పెట్టకూడదు. మీరు మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి జ్ఞాపకం పెట్టుకోండి.

రెండోది, చూడ్డానికి వచ్చేవాళ్ళు. మనవాళ్ళకి పరామర్శ అంటే మహాప్రీతి కదండీ. పదింటినుంచి పన్నెండు దాకా ఒక జట్టు, నాలుగునుంచి ఏడు దాకా ఇంకో జట్టు. సరిగ్గా అవే వ్యాయామం వేళలు. వియ్యపురాలు ఎదురుగా కూర్చుని వుండగా, బావగార్లూ మరుదులూ వచ్చిపోతుండగా, మంచంమీద కాలు చాపి ఎత్తడం దించడం ఏం బాగుంటుందని మా వదినగారు మానేసేవారు. వచ్చిన ప్రతివాళ్ళూ "అస్సలు కదపకండి, మా పిన్నత్తగారు ఇలాగే కదిపి పాడుచేసుకుంది" అని భయపెట్టి, హార్లిక్సు సీసా పెట్టి వెళ్ళేవాళ్ళు.

మూడోది చిత్రమైనది. నాలుగోవారం వచ్చేసరికి వదినగారు వాకరు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, మనవలకి కూరా చారూ చెయ్యడం మొదలుపెట్టారు. గంటన్నర నిలబడి పని. ఎవరూ వద్దనలేదు. పైగా "చూశారా, అప్పుడే తిరిగేస్తోంది" అని మెచ్చుకున్నారు. అదే మనిషి గదిలో తలుపేసుకుని పావుగంట కాలు వంచుకుంటూ వుంటే ఇంట్లో అందరికీ ఆవిడతో పని తగిలేది! పాలవాడి లెక్కా, తాళం చెవీ, మనవడి యూనిఫారం గుండీ. గంటన్నర నిలబడితే సాయంత్రానికి మోకాలు కుండలా వాచేది, వాచిన మోకాలితో వ్యాయామం ఎలా చేస్తామని అదీ మానేసేవారు. ఇంటిపని వ్యాయామం కాదండీ. వంటింట్లో నిలబడితే మోకాలు వంగదు, పూర్తిగా చాపుకోదు, ఉన్నచోటే వుంటుంది. వాపొక్కటే పెరుగుతుంది.

అయిదోవారం డాక్టరు కొలిచి చూశారు. తొంభై రావలసిన మోకాలు అరవై అయిదు డిగ్రీలే వంగింది. చాపితే పదిహేను డిగ్రీల వెలితి. ఈ లెక్క తేలికే. కాలు తిన్నగా చాపితే సున్న. కుర్చీలో కూర్చుని పాదం నేలమీద తిన్నగా ఆనిస్తే తొంభై. చదునునేల మీద నడవడానికి అరవై పైచిలుకు చాలుట. మెట్లెక్కడానికి తొంభై దరిదాపు కావాలి. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవాలంటే తొంభై పైన కావాలి. "రెండు వారాల్లో మళ్ళీ చూస్తాను. తొంభై దగ్గరికి రాకపోతే మత్తిచ్చి వంచవలసి వస్తుంది. ఆలస్యం చేస్తే లోపలి కణజాలం గట్టిపడి ఆ వంచడం కూడా కష్టమవుతుంది" అన్నారాయన. మెత్తగానే అన్నారు, కాని దారిపొడుగునా వదినగారు మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక ఏర్పాట్లు మార్చినవారు అన్నయ్యగారు, అంటే వదినగారి భర్త. రిటైరైన మనిషి, పేపరు పట్టుకుంటే లోకం పట్టనివారు. ఆయనే వీధి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళని "పదకొండున్నర తర్వాత రండి, ఆవిడ వైద్యంలో వుంది" అని చెప్పి పంపడం మొదలుపెట్టారు. వ్యాయామం అనలేదు, వైద్యం అన్నారు. ఆ మాటతో ఎవరూ నొచ్చుకోలేదు. వంటకి రెండు నెలలకి ఒక మనిషిని కుదిర్చారు. పాలలెక్క రాసే కాలెండరులోనే వ్యాయామం లెక్క కూడా రాయించారు, పూటకొక గీత.

ఆ వ్యాయామాలు ఎలా వుంటాయో చెబుతాను వినండి. పడుకున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించడం మొదటిది. మెలకువగా వున్నంతసేపూ గంటకోసారి ఆడిస్తే పిక్కల్లో నెత్తురు గడ్డకట్టకుండా సాయపడుతుంది. తర్వాత కాలు చాపి, మడమ కింద తువ్వాలు చుట్టి పెట్టి, మోకాలిని పరుపుకేసి కిందికి నొక్కడం. తొడ బిగుసుకోవాలి, మోకాలిచిప్ప పైకి లాగినట్టవాలి. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం, అలా పదిసార్లు. చూడ్డానికి ఏమీ చేస్తున్నట్టుండదు, చెయ్యడం మాత్రం ఇదే కష్టం. అందరూ "ఎంత వంగుతోంది?" అనే అడుగుతారు గాని, పూర్తిగా చాపుకోవడం అంతకంటే ముఖ్యం. చాపుకోని కాలు పొట్టికాలులా పనిచేస్తుంది. నడకలో కుంటు వస్తుంది, నడుం పట్టేస్తుంది, రెండోమోకాలి మీద భారం పడుతుంది.

ఆ తర్వాత మడమని పరుపుమీద జారుస్తూ పిర్రల వైపు తెచ్చుకోవడం. పాదానికి జారుడు మేజోడు వేస్తే సులువు. తర్వాత మంచం అంచున కూర్చుని కాలు వేలాడేసి, బాగున్న కాలిని ముందునుంచి తగిలించి నెమ్మదిగా వెనక్కి నొక్కుకోవడం. మోకాలు వంచకుండా కాలు మొత్తం జానెడు ఎత్తి దించడం. కొన్ని వారాల తర్వాత కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మునివేళ్ళమీద లేవడం. ఒక్కొక్కటీ పదేసిసార్లు, రోజుకి మూడు నాలుగు విడతలు. అన్నీ మొదటిరోజే కావు. ఏది ఎప్పుడన్నది ఫిజియో అమ్మాయి చెప్పాలి. నెలన్నర దాటాక ఆ అమ్మాయే చెప్పి, అరకిలో పెసలు గుడ్డసంచీలో మూటకట్టి చీలమండకి చుట్టి కాలు చాపించింది. డీలార్మ్ గారి బరువు మా వదినగారి ఇంట్లో పెసల మూట అయింది.

కొలవడానికి వదినగారు తనే ఒక ఉపాయం కనిపెట్టారు. గోడకి ఆనించిన కుర్చీలో ఎప్పుడూ ఒకేచోట కూర్చుని, పాదం నేలమీద వీలైనంత వెనక్కి జరిపి, మడమ ఆగినచోట ముగ్గుసుద్దతో గీత గీసుకునేవారు. మర్నాడు ఆ గీత దాటాలి. చిటికెన వేలంత దాటినా దాటినట్టే. మొదటి నాలుగురోజులూ గీత కదల్లేదు. ఆవిడ చిన్నపిల్లలా మొండికేసి, "ఇంక నావల్ల కాదు, కావలిస్తే మత్తే ఇమ్మనండి" అన్నారు. అయిదోరోజున ఒక అంగుళం జరిగింది. అప్పుడు మనవలిద్దరూ పక్కన చేరి గీతకి తారీఖులు వెయ్యడం మొదలుపెట్టారు. పనిమనిషి నేల తుడుస్తూ ఆ మేర మాత్రం వదిలేసేది.

నొప్పి సంగతి అడుగుతారు. నొప్పి లేకుండా కాదు. వ్యాయామానికి అరగంటో ముప్పావుగంటో ముందు డాక్టరిచ్చిన నొప్పిమాత్ర వేసుకోవాలి. మాత్రలు మిగల్చడంలో గొప్పేమీ లేదు, ఆ మొదటి వారాలకోసమే కదా అవి ఇచ్చింది. అలాగని వాళ్ళు చెప్పినదాన్ని మించి వేసుకోకూడదు. వ్యాయామం అయ్యాక పల్చని గుడ్డలో ఐసుముక్కలు చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టుకోవాలి, ఒంటికి నేరుగా తగలనివ్వకూడదు. లాగుతున్నట్టుండే నొప్పికి భయపడక్కర్లేదు, ఆపాక గంటలోపల సద్దుకోవాలి. మర్నాడు పొద్దున్న మోకాలు నిన్నటికంటే వాచి వుంటే నిన్న ఎక్కువ చేశామన్నమాట. ఒకపూట తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాలి, మానెయ్యకూడదు. కాలిని తనంతట వంచి చాపే యంత్రం అద్దెకి తెమ్మని ఎవరో సలహా ఇచ్చారు. మోకాలు మార్చినవాళ్ళకి దానివల్ల అదనంగా ఒరిగేది చాలా తక్కువేనని తరువాతి పరిశీలనల్లో తేలిందిట. యంత్రం కదిపితే కీలు కదులుతుంది, కండరం నిద్రపోతూనే వుంటుంది. ఆ డబ్బేదో ఫిజియో అమ్మాయికి ఇవ్వడం మంచిది. ఆపరేషన్‌కి అంత సొమ్ము పోసి, ఇంటికొచ్చి కాలు వంచే పిల్ల దగ్గర మాత్రం బేరమాడతాం మనం!

రెండు వారాల తర్వాత డాక్టరు కొలిస్తే తొంభై రెండు వచ్చింది. మత్తు అక్కర్లేదన్నారు. మూడో నెలకి నూట పది దాటింది. చాపితే ఇంకా ఒక పిసరు వెలితి వుంది.

అంతా సుఖాంతమని చెప్పను. వదినగారికి ఇప్పటికీ ఒక దిగులుంది. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేరు. గొంతుక్కూర్చోవడం, నేలమీద పీటవేసుకోవడం వద్దనే మన డాక్టర్లు చాలామంది చెబుతారు. కొందరు కొన్ని షరతులతో ఒప్పుకుంటారు. అది అమర్చిన రకాన్నీ, మనిషినీ బట్టి వుంటుంది గనుక మీరు ముందే అడిగి తెలుసుకోండి. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతానికి కుర్చీలో కూర్చోవలసి వచ్చిందని ఆవిడ ముభావంగా వున్నారు. పురోహితుడు "అమ్మవారు మీ ఎత్తుకే వస్తుందిలెండమ్మా" అని కలశాన్ని ఎత్తుబల్లమీద పెట్టించాడు. ఆ మాట మిగతా మేమెవరం అన్నా ఆవిడకి పట్టేది కాదు.

ఇంట్లో మార్చుకోవలసినవి చాలా వున్నాయి. అపార్టుమెంట్ల పాలరాతి నేలమీద నీటిచుక్క పడితే చాలు, కాలు జారుతుంది. గుమ్మాల దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టాలన్నీ కొన్నాళ్ళు తీసెయ్యండి. కుచ్చిళ్ళు నేల జీరాడకుండా చీర కాస్త ఎత్తుగా కట్టుకోవాలి, నైటీ అయినా అంతే. కత్తిపీట అటకెక్కించి బల్లమీద చాకుతో కూర తరుక్కోవాలి. కుర్చీ మోకాలి ఎత్తుకి తగ్గకూడదు, తగ్గితే దుప్పటి మడతపెట్టి వేసుకోవాలి. మెత్తటి సోఫాలో దిగబడితే లేవడం నరకం. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. చేతికర్ర ఆపరేషన్ అయిన కాలికి ఎదుటి చేతిలో వుండాలి. కుడికాలయితే ఎడమచేతిలో అన్నమాట. సినిమాల్లో దీన్ని తిరగేసి చూపిస్తూ వుంటారు.

పథ్యం సంగతి కూడా చెప్పకపోతే మా పెద్దవాళ్ళకి కోపం రావచ్చు, చెబితే ఇంకా కోపం రావచ్చు. పప్పు తింటే చీము పడుతుందని, పెరుగు నెమ్ము చేస్తుందని, గుడ్డు వేడని, ఆపరేషన్ అయినవాళ్ళకి చారూ అన్నం పెట్టడం మన ఆనవాయితీ. గాయం మానాలన్నా, కండ పట్టాలన్నా మాంసకృత్తులు కావాలి. అవి వుండేది సరిగ్గా ఆ పప్పులోనూ, పాలూ పెరుగులోనూ, గుడ్డులోనూ, అలవాటున్నవాళ్ళకి చేపలోనూ. పప్పుకీ చీముకీ సంబంధం లేదు. చీము పట్టేది సూక్ష్మక్రిములవల్ల, చక్కెరవ్యాధి అదుపులో లేకపోతే ఆ ప్రమాదం పెరుగుతుంది. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు మాత్రం ఎంత తినాలో డాక్టర్ని అడగాలి.

కొన్నిటికి భయపడనక్కర్లేదు. కుట్టుకి బయటివైపు చర్మం మొద్దుబారినట్టుంటుంది. అక్కడ సన్ననరం తెగడంవల్ల అది చాలామందికి వుండేదే. నడిస్తే లోపల టిక్కుమని చప్పుడు వినిపించవచ్చు. వాపూ వెచ్చదనమూ కొన్ని నెలలు వుంటాయి. మొదటివారాల్లో రాత్రి నిద్ర సరిగా పట్టదు.

భయపడవలసినవి వేరే వున్నాయి. పిక్క ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి నొప్పిపెడితే, లేదా ఆయాసమూ ఛాతీనొప్పీ వస్తే అది నెత్తురు గడ్డకట్టిన లక్షణం కావచ్చు. క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. నూనెపెట్టి పిక్క మర్దన చెయ్యడం అప్పుడు చాలా ప్రమాదం. అందుకే నెత్తురు పలచబడటానికి ఇచ్చిన మందు చెప్పినన్నాళ్ళూ వాడాలి, సొంతంగా ఆపకూడదు. కుట్టునుంచి రసి కారినా, ఎరుపు పెరుగుతున్నా, చలిజ్వరం వచ్చినా మర్నాటికి ఆగవద్దు. పసరుకట్లు, వేడినూనెలు ఆ గాయం దరిదాపులకి రానివ్వకండి.

కుర్రవాళ్ళ సంగతి ఒక్కమాట. కబడ్డీలోనో, క్రికెట్టులోనో, స్కూటరు మీంచి పడో మోకాలి లోపలి లిగమెంటు తెగి ఆపరేషన్ చేయించుకునే పిల్లలున్నారు. వాళ్ళ వ్యాయామం క్రమం వేరు. వాళ్ళతో చిక్కేమిటంటే మూడోనెలకే నొప్పి పోతుంది, ఆటకి పరుగెత్తుతామంటారు. కొత్తగా వేసిన లిగమెంటు గట్టిపడి, తొడకండరం రెండోకాలితో సమానమయ్యేదాకా, కనీసం తొమ్మిది నెలలు, ఆటకి పంపవద్దని చెబుతున్నారు. మనం పెద్దవాళ్ళని కదలమని బతిమాలాలి, పిల్లల్ని ఆగమని బతిమాలాలి.

ఇంకా ఆపరేషన్ కానివాళ్ళు, తారీఖు పెట్టుకున్నవాళ్ళు ఈ ప్రసంగం వింటున్నారేమో, మీకు ఒక సౌకర్యం వుంది. ఆ తొడ బిగించే వ్యాయామాలు ఇవాళే మొదలుపెట్టవచ్చు. బలంగా వున్న కండరంతో వెళ్ళినవాళ్ళు ముందుగా లేచి తిరుగుతారు. బిల్లులో మోకాలి ఖరీదు విడిగా చూపించమని అడగండి. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఈ మోకాళ్ళకి గరిష్ఠ ధరలు నిర్ణయించింది. సామాన్యంగా వాడే కోబాల్టు క్రోమియం రకానికి అప్పుడు పన్నుగాక 54,720 రూపాయలు అన్నారు. ఇప్పటి ధర ఎంతో ఆస్పత్రివాళ్ళు చెప్పాలి, అడగడానికి మొహమాటపడకండి. ఆపరేషన్‌కి ముందే ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోబెట్టి, రెండు నెలలు వంటెవరు చేస్తారు, వచ్చేవాళ్ళని ఏ వేళకి రమ్మంటారు, వ్యాయామానికి పక్కన ఎవరుంటారు అన్న మూడు సంగతులూ తేల్చుకోండి. మంచం మరీ పల్లమయితే కోళ్ళకింద ఎత్తుదిమ్మలు వేయించండి, కదలకుండా కుదిరాయో లేదో చూసుకోండి. ఒక వాకరు ముందే తెప్పించి మీ స్నానాలగది గుమ్మంలో పడుతుందో లేదో చూడండి. చాలా ఇళ్ళల్లో పట్టదు. కమోడ్ పక్కన గోడకి పట్టుకునే కడ్డీ బిగించాలి. ఆ మేస్త్రీ రేపొస్తాను మాపొస్తానని కనీసం వారంరోజులు తిప్పుతాడు గనుక, అందరికంటే ముందు అతనికి కబురు చెయ్యండి.